ఎఫ్‌టీపీలో ఎవరి ఫోల్డర్ వాళ్లకే కనబడాలంటే ఏం చేయాలి?

అందరికీ నమస్కారం. మాది ఒడిశాలోని బరంపురం. తెలుగు, ఒడియా పెళ్లికార్డులు వేసే చిన్న షాపు. ఇచ్ఛాపురం, పర్లాకిమిడి డిజైనర్లు ఫైళ్లు పంపడానికి పాత కంప్యూటర్‌లో ఉబుంటు (లినక్స్) వేసి, వీఎస్‌ఎఫ్‌టీపీడీ అనే ఎఫ్‌టీపీ (నెట్‌వర్క్‌లో ఫైళ్లు పంపుకునే పద్ధతి) సర్వర్ సాఫ్ట్‌వేర్ పెట్టాను. ఒక్కొక్కరికీ ఒక యూజర్.

మొన్న ఒకాయన ఫోన్ చేసి, "ఏమండీ, పక్కాయన కార్డులు కూడా నాకు కనబడుతున్నాయి" అన్నారు. పరువు పోయినంత పనైంది! లాగిన్ అయ్యాక పై ఫోల్డర్‌కి వెళ్తే సర్వర్ మొత్తం కనిపిస్తోంది.

కాన్ఫిగ్ ఫైల్‌లో, యూజర్‌ని తన హోమ్ ఫోల్డర్ దాటి పైకి వెళ్లకుండా కట్టేసే 'సీహెచ్‌రూట్ లోకల్ యూజర్' సెట్టింగ్‌ని 'యస్' చేసి రీస్టార్ట్ చేశాను. ఇప్పుడు ఎవరికీ లాగిన్ అవడం లేదు. '500 ఊప్స్' అనే ఎర్రర్ చూపిస్తూ, రూట్ ఫోల్డర్‌లో (అంటే అలా కట్టేసిన హోమ్ ఫోల్డర్‌లో) యూజర్‌కి రాసే అనుమతి ఉంది కాబట్టి నడవనంటోంది. దాన్ని అనుమతించే 'అలౌ రైటబుల్ సీహెచ్‌రూట్' సెట్టింగ్ పెడితే పోతుందట గానీ, భద్రతకు మంచిది కాదని కూడా చదివాను.

హోమ్ ఫోల్డర్‌కి రాసే అనుమతి తీసేసి, లోపల అప్‌లోడ్ ఫోల్డర్ ఒకటి ఇస్తే సరిపోతుందా? ఇంకోటి, అందరికీ కావలసిన ఫాంట్ల ఫోల్డర్‌కి ఇచ్చిన సింబాలిక్ లింక్ (షార్ట్‌కట్ లాంటిది) ఇలా కట్టేశాక పనిచేయదు కదా, దానికి బైండ్ మౌంటే (ఒక ఫోల్డర్‌ని ఇంకో చోట కూడా కనబడేలా తగిలించడం) దారా? పెళ్లిళ్ల సీజన్, టెన్షన్‌గా ఉంది. తెలిసినవాళ్లు కాస్త చెప్పండి.