క్రిటికల్ పవర్ లెక్కకు రెండు ప్రయత్నాలు చాలునా?

మైపాడు రోడ్డు:
సభ్యులకు నమస్కారం. నెల్లూరు నుంచి మైపాడు వెళ్లే రోడ్డు మీద తెల్లవారుజామున సైకిల్ సాధన చేస్తుంటాను. పవర్ మీటర్ బిగించుకున్నాక 3 నిమిషాలు పూర్తి బలంతో తొక్కితే సగటున 330 వాట్లు, మరొక రోజు 12 నిమిషాలకు 255 వాట్లు వచ్చాయి. నేను నిలకడగా తొక్కగల శక్తి ఎంతో, దానికి పైన వాడుకోగల వాయురహిత నిల్వ ఎంతో వీటితో తెలుస్తాయా? 20 నిమిషాల సగటులో 95 శాతాన్ని ఎఫ్‌టీపీగా, అంటే సుమారు గంటసేపు నిలపగల శక్తిగా, తీసుకుంటే చాలని మా జట్టులో అంటున్నారు. గిద్దలూరు–నంద్యాల ఘాట్‌లో తోటివారు వేగం పెంచినప్పుడు ఎంతసేపు వెంట ఉండగలనో అంచనా వేసుకోవాలన్నది నా ఉద్దేశం.

ఒంగోలు చక్రం:
తెలుస్తాయండీ. వాట్లను సెకన్లతో హెచ్చించి, చేసిన పనిని జూళ్లలో చూడండి. 3 నిమిషాల్లో మీరు చేసిన పని 59,400 జూళ్లు, 12 నిమిషాల్లో 1,83,600 జూళ్లు. తేడా అయిన 1,24,200ను అదనపు 540 సెకన్లతో భాగిస్తే 230 వాట్లు వస్తుంది. అది మీ క్రిటికల్ పవర్, అంటే మీరు నిలకడగా తొక్కగల శక్తి. ఆ 230 వాట్లతో 3 నిమిషాల్లో అయ్యే పని 41,400 జూళ్లు కాబట్టి, మిగిలిన 18,000 జూళ్లు మీ నిల్వ. దీనినే డబ్ల్యూ ప్రైమ్ అంటారు. 1965లో మోనో, షెరర్ అనే పరిశోధకులు కండరాల పని మీద చెప్పిన ఈ సంబంధాన్ని 1981లో మోరిటాని బృందం సైకిల్ తొక్కడానికి వర్తింపజేసింది.

ఘాట్‌లో 290 వాట్లు అవసరమైతే సెకనుకు 60 జూళ్ల చొప్పున నిల్వ కరుగుతుంది, అంటే 5 నిమిషాలు నిలబడగలరు. ఎఫ్‌టీపీ ఈ సంగతి చెప్పదు. మీ లెక్క ప్రకారం 20 నిమిషాలకు 245 వాట్లు రావాలి, అందులో 95 శాతం దాదాపు 233. క్రిటికల్ పవర్‌కు అది దగ్గరే. కానీ అదే క్రిటికల్ పవర్ ఉండి 12 కిలోజూళ్ల నిల్వే ఉన్నవారు 290 వాట్ల దగ్గర 3 నిమిషాల 20 సెకన్లకే వెనకబడతారు.

పెన్నా తీరం:
లెక్క సరైనదే గాని, ఇంత నమ్మకంగా 5 నిమిషాలని చెప్పడాన్ని నేను ఒప్పుకోలేను. ఈ లెక్క అంటే కాలానికి ఎదురుగా పనిని గుర్తించి గీత గీయడమే; రెండు బిందువుల గుండా గీత ఎప్పుడూ కచ్చితంగానే వెళుతుంది కనుక, ఏ ప్రయత్నంలో లోపం ఉన్నా బయటపడదు. 3 నిమిషాల ప్రయత్నంలో 10 వాట్లు తగ్గి 320 వచ్చిందనుకోండి: క్రిటికల్ పవర్ 233కు పెరుగుతుంది, నిల్వ మాత్రం 15,600 జూళ్లకు పడిపోతుంది. మీరు అడుగుతున్నదే ఆ నిల్వ గురించి కదా, అందుకే ఈ సంగతి ఇంత పట్టుబట్టి చెబుతున్నాను.

బాగా విశ్రాంతి తీసుకున్న మరొక రోజు 6 నిమిషాల ప్రయత్నం చేయండి. పై లెక్క నిజమైతే 280 వాట్లకు దగ్గరగా రావాలి; 265 దగ్గర ఆగితే మూడింటిలో ఏదో ఒకటి పూర్తి బలంతో జరగలేదని అర్థం. 2 నిమిషాల కంటే చిన్న ప్రయత్నాలను లెక్కలో చేర్చకండి, అవి నిల్వను తక్కువగా, క్రిటికల్ పవర్‌ను ఎక్కువగా చూపిస్తాయి. మూడింటినీ ఒకే వేళలో, ఒకే రోడ్డు మీద చేయడం మంచిది. మన జిల్లా ఎండల్లో, ముఖ్యంగా రోహిణి కార్తెలో, ఉదయం వచ్చిన అంకెనూ మధ్యాహ్నం వచ్చిన అంకెనూ ఒకే గీతలో కలపకూడదు.

ఒంగోలు చక్రం:
మూడో ప్రయత్నం కావాలన్న పెన్నా తీరం గారి మాటతో ఏకీభవిస్తున్నాను. 2007లో వాన్‌హాతలో అనే పరిశోధకురాలి బృందం ప్రతిపాదించిన 3 నిమిషాల పరీక్ష కూడా ఉంది. అందులో మొదటి క్షణం నుంచే ఏమీ దాచుకోకుండా తొక్కాలి, చివరి 30 సెకన్ల సగటును క్రిటికల్ పవర్‌గా తీసుకుంటారు. మీరు బలాన్ని సమంగా పంచుకుంటూ తొక్కిన 3 నిమిషాలు అది కాదు, కాబట్టి రెండింటినీ కలిపి చూడకండి.

ఘాట్ విషయంలో ఒక్క మాట. 230 వాట్లకు దిగువకు వస్తేనే నిల్వ తిరిగి నిండుతుంది, ఎంత దిగువకు వస్తే అంత త్వరగా నిండుతుంది. ఎక్కుడులో 220 వాట్లతో తొక్కుతుంటే నిల్వ చాలా నెమ్మదిగా చేరుతుంది కనుక, తొలి దూకుడుకు వెంటపడి 12 కిలోజూళ్లు ఖర్చుచేస్తే, రెండోసారి వారు వేగం పెంచేనాటికి మీ దగ్గర 6 కిలోజూళ్లకు కాస్త పైగా మాత్రమే ఉంటుంది. 290 వాట్ల దగ్గర అది 2 నిమిషాలకు మించి రాదు.