కస్టమ్స్ ఎన్‌ఫోర్స్‌మెంట్‌కు పనితీరు ప్రమాణాలు ఎలా పెట్టాలి?

ప్రశ్న: మా ముసాయిదాలో పట్టివేతల సంఖ్య, విధించిన జరిమానా మొత్తం, సరుకు విడుదలకు పట్టే సగటు సమయం ఉన్నాయి. ఇవి చాలా అండీ? తనిఖీల్లో ఎంత శాతం తప్పులు దొరికితే పని బాగున్నట్టు?

జవాబు 1: పట్టివేతల సంఖ్యను లక్ష్యంగా పెట్టకండి. అది పెరిగితే నిఘా మెరుగైందనీ అనుకోవచ్చు, దొంగ రవాణాయే పెరిగిందనీ అనుకోవచ్చు. ముందు లాటరీ పద్ధతిలో, రిస్క్ ఏమీ చూడకుండా కొన్ని డిక్లరేషన్లు (సరుకు వివరాలతో దిగుమతిదారు ఇచ్చే పత్రాలు) తీసి పూర్తిగా తనిఖీ చేయించండి. తప్పులు 10 శాతం దాకా ఉంటాయనుకుంటే, 3 శాతం అటూఇటూగా, 95 శాతం నమ్మకంతో తెలియడానికి దాదాపు 385 డిక్లరేషన్లు కావాలి. బట్టలకు, మందులకు విడివిడిగా లెక్క కావాలంటే ఒక్కోదానికీ దాదాపు అంత నమూనా ఉండాలి. సిబ్బంది చాలక ప్లాన్లు దెబ్బతినేది ఎక్కువగా ఇక్కడే. లాటరీలో వచ్చిన సరుకును మార్చే వీలు అధికారికి ఇవ్వకూడదు, ఇస్తే నమూనా పనికిరాదు.

ఇక మీ శాతం సంగతి. తప్పులు లాటరీలో 4 శాతం, రిస్క్ ఎంపికలో (అనుమానం ఉన్న సరుకును నియమాల ప్రకారం ఎంచి చేసే తనిఖీల్లో) 12 శాతం వస్తే ఎంపిక మూడు రెట్లు మెరుగ్గా ఉన్నట్టు. రెండూ 4 దగ్గరే ఉంటే ఆ రిస్క్ నియమాలు సరుకును ఊరికే ఆపుతున్నాయి. ప్రమాణం ఈ నిష్పత్తి మీద పెట్టండి.

జరిమానాల్లో, అప్పీలులో నిలిచి ఖజానాకు చేరిన సొమ్మునే లెక్కించండి. విధించిన మొత్తాన్ని లక్ష్యం చేస్తే ఏడాది చివర నిలవని నోటీసులు గుట్టలు పడతాయి.

జవాబు 2: విడుదల సమయానికి మధ్యగతం (సగం సరుకులు ఎంతలోపు విడుదలయ్యాయో ఆ సమయం), 90వ శతాంశం (నూటికి 90 ఎంతలోపు విడుదలయ్యాయో ఆ సమయం) వాడండి. వారాల తరబడి ఆగిన కొద్దిపాటి సరుకులు సగటును పైకి లాగేస్తాయి. 2017లో అమల్లోకి వచ్చిన డబ్ల్యూటీఓ (ప్రపంచ వాణిజ్య సంస్థ) వాణిజ్య సులభతర ఒప్పందం సగటు విడుదల సమయాన్ని కొలిచి ప్రచురించమని ప్రోత్సహిస్తుంది కాబట్టి దాన్నీ ప్రచురించండి, లక్ష్యం మాత్రం చేయొద్దు. సరుకు రాక, డిక్లరేషన్, సుంకం చెల్లింపు, తనిఖీ, విడుదల: ప్రతి దశ సమయాన్నీ విడిగా నమోదు చేయాలి. లేకపోతే దిగుమతిదారు ఆలస్యంగా వేసిన డిక్లరేషన్ కూడా కస్టమ్స్ ఖాతాలో పడుతుంది.

ప్రశ్న: దర్యాప్తుకు చట్టంలో ఉన్న గడువునే ప్రమాణంగా తీసుకోవచ్చా?

జవాబు 1: అది తప్పక పాటించాల్సిన హద్దు, అంతే. అమెరికాలో యాంటీ డంపింగ్ సుంకం (మరీ తక్కువ ధరకు వచ్చే దిగుమతులపై వేసే అదనపు సుంకం) ఎగవేత దర్యాప్తును 300 రోజుల్లో తేల్చాలి, ఇంకో 60 రోజులు పొడిగించుకోవచ్చు. గడువులోపే తేలినా అప్పటికి దిగుమతి కంపెనీ మూతపడితే సుంకం రాదు. అందుకే తేలిన కేసుల్లో ఎంత వసూలైందో పక్కనే మరో ప్రమాణంగా పెట్టండి.