నల్గొండలోనే ఉండాలా, హైదరాబాద్ పోవాలా? సలహా కావాలి

నమస్తే. నేను నల్గొండలో బీఎస్సీ పిల్లలకు కెమిస్ట్రీ చెప్తాను. పదకొండేళ్లయింది, ఇంకా పార్ట్‌టైమే. పీరియడ్ లెక్కన పైసలు, ఎండాకాలం సెలవుల్లో అవీ ఉండవు. ఇప్పుడు హైదరాబాద్‌లో ఒక ఇంటర్ కాలేజీవాళ్లు రెండింతలు ఇస్తామంటున్నారు. ఇంట్లో పొమ్మంటున్నారు.

నాకేమో కాలు కదలట్లేదు. మొన్న ల్యాబ్‌లో నల్గొండ టెక్నిక్, అంటే నీళ్లలో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతి, చేయించాను. మన ఊరి పేరుతోనే ఉన్న పద్ధతి, మన పిల్లలే చూసి ఉండరు! మర్రిగూడ దిక్కు నుంచి వచ్చే అమ్మాయి ఇంటి బోరునీళ్లు క్యాన్‌లో తెచ్చింది. సున్నం, పటిక వేసి ముందు గబగబా, తర్వాత మెల్లగా కలిపితే దూదిపింజల్లాంటివి కట్టి అడుగుకు దిగాయి. "సార్, మా తాత నడుము వంగింది ఈ నీళ్లతోనేనా?" అనడిగింది. బెల్లు కొట్టినా ఎవరూ లేవలేదు.

2023 జులై నుంచి అసిస్టెంట్ ప్రొఫెసర్‌కు పీహెచ్‌డీ తప్పనిసరి కాదు, నెట్ గానీ సెట్ గానీ (అర్హత పరీక్షలు) పాసైతే చాలని యూజీసీ చెప్పింది. నాకు సెట్ ఉంది. వయసు నలభై ఒకటి. సెట్ ఒక్కదానితో ఇంటర్వ్యూలో నెగ్గినవాళ్లు ఉన్నారా? లేక ఇప్పుడైనా పీహెచ్‌డీలో చేరమంటారా?

ఇంకోటి, మా ల్యాబ్‌లో ఫ్లోరైడ్ కొలిచే ఎలక్ట్రోడ్ లేదు. నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాముల లోపుకు దిగిందో లేదో తక్కువ ఖర్చులో చూపించే దారి తెలిస్తే అదీ చెప్పండి.