తలుపులన్నీ మూసినా గదుల్లోకి దుమ్ము, వేడిగాలి: సందులను కనిపెట్టడం, మూయడం ఎలా?

పెన్నా తీరం (అనంతపురం):

మా ఇల్లు అనంతపురంలో ఊరి పడమటి అంచున ఉంది. పాతికేళ్ల కిందట కట్టిన స్లాబు ఇల్లు, తలుపులూ కిటికీలూ అన్నీ కొయ్యవే. వేసవిలో వడగాలి, ఆషాఢం రాగానే నైరుతి గాలి ఇంటిని నేరుగా తాకుతాయి. కిటికీలన్నీ బిగించినా సాయంత్రానికి నేల మీద అడుగుల ముద్రలు పడేంత ధూళి చేరుతోంది. పడకగదిలో ఏసీ ఆపిన కాసేపటికే మళ్లీ ఉక్క మొదలవుతోంది. వీధి తలుపు కింద రబ్బరు పట్టీ వేయించాము గాని పెద్దగా తేడా కనిపించలేదు. గాలి ఎక్కడినుంచి వస్తోందో కచ్చితంగా తెలుసుకొనే పద్ధతి ఏమిటి? ఏ సందుకు ఏ పదార్థం వాడాలి? స్నానాల గదిలో గ్యాస్ గీజరు ఉంది, దాని పైనున్న వెంటిలేటరును కూడా మూసివేయాలని అనుకుంటున్నాము.

హంద్రీ ఒడ్డు (కర్నూలు):

పడమటి గోడలో గాలి చొరబడుతోందంటే, అంత గాలీ తూర్పు వైపునో ఉత్తరం వైపునో ఎక్కడో బయటికి పోతోందని అర్థం. అందుకని గాలి తగిలే గోడనే కాక దానికి ఎదురుగా ఉన్న గదులను కూడా వెతకాలి. వీధి తలుపు ఒక్కటే మూస్తే ఫలితం కనిపించకపోవడానికి ఇదే కారణం అయివుంటుంది.

ఏమీ కొనకముందే పరీక్ష చేయండి. పొయ్యి, గీజరు ఆర్పివేసి, ఫ్యాన్లూ ఏసీ ఆపి, తలుపులూ కిటికీలూ అన్నీ మూసి, లోపలి గదుల తలుపులు మాత్రం తెరిచి ఉంచి, వంటగదిలోని ఎగ్జాస్ట్ ఫ్యాను వేయండి. అది ఇంట్లోని గాలిని బయటికి తోసేకొద్దీ బయటి గాలి ప్రతి సందులోనుంచీ లోపలికి దూరుతుంది. అప్పుడు ఒక ఊదువత్తి వెలిగించి, తెరలకు దూరంగా పట్టుకొని, కిటికీ చట్రం చుట్టూ నెమ్మదిగా తిప్పండి. పొగ నిలువుగా లేస్తే ఆ చోట ఇబ్బంది లేదు; గది లోపలికి వంగినా, చెదిరినా అక్కడ సుద్దముక్కతో గుర్తు పెట్టండి.

చాలామంది తలుపు రెక్కలను మాత్రమే చూసి వదిలేస్తారు. నా దృష్టిలో అసలు దొంగదారులు వేరే ఉంటాయి: చట్రానికీ గోడకూ నడుమ విడిన పగులు, కింది గడియ దిగే రంధ్రం, ఏసీ రాగి గొట్టాల కోసం గోడకు వేసిన కన్నం, కేబుల్ వైరు వచ్చే చోటు, బయటి గోడలో అమర్చిన స్విచ్ బోర్డు. ఈ చివరిదాన్ని మీరే విప్పవద్దు, ఎలక్ట్రీషియనుకు అప్పగించండి. మన ధూళి చేసే మేలు కూడా ఒకటి ఉంది: సందు పక్కన సున్నం మీద మట్టిరంగు చార కనిపిస్తే అక్కడ పరీక్ష కూడా అవసరం లేదు. ఇక రెక్క చట్రానికి ఆనుతోందా అన్నది తెలియాలంటే నడుమ కాగితం పెట్టి మూసి లాగండి. సులువుగా జారివస్తే అక్కడ పట్టు లేనట్టే.

బండల వీధి (కడప):

పదార్థం ఎంచుకొనేటప్పుడు చూడవలసినది ఒకటే: ఆ సందు కదిలేదా, కదలనిదా అని. చట్రానికీ గోడకూ నడుమ పగులును మేస్త్రీలు సిమెంటుతో పూడుస్తారు, కానీ కొయ్య వానాకాలంలో ఉబ్బి ఎండాకాలంలో కుంచించుకుపోతుంది కాబట్టి అది ఏడాది తిరక్కుండానే మళ్లీ విడుస్తుంది. పగులును గీకి, దుమ్ము దులిపి, సాగే గుణమున్న అక్రిలిక్ సీలెంటు గన్నుతో నింపించండి. దాని మీద రంగు పడుతుంది, మామూలు సిలికాన్ మీద రంగు నిలవదు. సందు లోతుగా ఉంటే ముందు ఫోమ్ తాడు కూరాలి.

ఏసీ గొట్టాల కన్నానికి పాలీయురెథేన్ ఫోమ్ సరిపోతుంది. అది బయటికి వచ్చాక ఉబ్బుతుంది కనుక కన్నం నిండా కొట్టకూడదు. ఎండ తగిలితే పొడిపొడిగా రాలిపోతుంది కాబట్టి బయటి ముఖాన్ని తప్పకుండా సీలెంటుతో గాని పూతతో గాని కప్పించాలి. నీళ్లు పోయే గొట్టం బయటికే వాలి ఉందో లేదో అప్పుడే చూసుకోండి.

రెక్కలకు చౌక స్పాంజి టేపు అతికిస్తే ఎండలకు అణిగి, పలచబడి, ఊడిపోతుంది. కాస్త ఖరీదైనా ఈపీడీఎం రబ్బరు పట్టీయే నయం. వేసవిలో కొలత తీసుకొని మందపాటి పట్టీ వేయించకండి, వానలకు కొయ్య ఉబ్బగానే తలుపు పడదు. గడప కడప బండతో ఉండి ఎగుడుదిగుడుగా ఉంటే రబ్బరు కన్నా కుచ్చు పట్టీ బాగా ఆనుతుంది. తేళ్లు, జెర్రులు దూరడం కూడా దానితో తగ్గుతుంది. జరిపే అద్దాల కిటికీలు ఉంటే అరిగిన ఊలు పట్టీలు మార్చండి గాని, కింది పట్టాలో నీరు పోయేందుకు పెట్టిన చిన్న రంధ్రాలను మాత్రం మూయవద్దు.

కుందూ గట్టు (నంద్యాల):

గీజరు సంగతి ముందు చెప్పాలి. ఆ వెంటిలేటరును దయచేసి మూయవద్దు. మూసిన గదిలో గ్యాస్ గీజరు మండితే కార్బన్ మోనాక్సైడ్ పేరుకుంటుంది. దానికి రంగు లేదు, వాసన లేదు, మనిషి స్పృహ తప్పేదాకా తెలియదు. వీలైతే గీజరునే గది బయటికి మార్పించండి. వంటగదిలోనూ అంతే: వంటగ్యాస్ గాలికన్నా బరువైనది, కారితే నేల మీద పరచుకుంటుంది కనుక పై కిటికీతో పాటు కింద కూడా గాలి పోయే దారి ఉండాలి.

మరొక మాట. సందులు మూస్తే దుమ్ము బాగా తగ్గుతుంది, కానీ వేడి అంతగా తగ్గుతుందని ఆశ పెట్టుకోవద్దు. పైన మరో అంతస్తు లేని ఇంట్లో పగలంతా కాగిన స్లాబు రాత్రి దాకా వేడిని వదులుతూనే ఉంటుంది. దానికి మిద్దె మీద తెల్లని పూత వేయించడమే సరైన పని.

పెన్నా తీరం:

ముగ్గురికీ ధన్యవాదాలు. గీజరు పైనున్న వెంటిలేటరు జోలికి వెళ్లము. మరి పడకగది వెంటిలేటర్లకు అద్దం బిగించవచ్చునా?

కుందూ గట్టు:

శాశ్వతంగా బిగించకుండా తెరిచి మూసే రెక్కలాగా చేయించండి. స్ప్లిట్ ఏసీ గదిలోని గాలినే తిప్పుతుంది తప్ప కొత్త గాలిని తేదు. కాబట్టి గాలి నెమ్మదించిన తెల్లవారుజామున ఆ రెక్కలను కాసేపు తెరిచి, ఎండ ఎక్కకముందే మూసేయండి.