ఫంక్ పాటలో బ్లూస్ హార్మోనికా ఇమడట్లేదు, ఏం చేయాలి?

బెండ్‌రాజా: బ్లూస్ హార్మోనికా దిగ్గజం లిటిల్ వాల్టర్‌ని విని విని నేర్చుకున్నవాణ్ణి. ఇప్పుడు చేరిన బ్యాండ్ ఫంక్, రాక్ కలిపి కొడుతుంది, చాలా పాటలు ఒకే మైనర్ కార్డ్ (కలిసి మోగే స్వరాల గుంపు) మీద తిరుగుతుంటాయి. ఈ (E) మైనర్ పాటకి ఏ (A) కీ హార్ప్, అంటే హార్మోనికా, పట్టుకుని సెకండ్ పొజిషన్‌లో (హార్ప్ కీకి ఐదో స్వరం ఆధారంగా) వాయిస్తున్నా. సోలో పర్వాలేదు, కానీ వెనకాల కార్డ్స్ వాయిస్తే గిటార్‌తో అస్సలు పొసగడం లేదు. పైగా వాల్యూమ్ పెంచితే ఆంప్ కీచుమంటోంది.

రీడ్‌పురుగు: పొసగదు మరి. ఏ (A) హార్ప్ మీద 2, 3, 4 రంధ్రాలు కలిపి పీలిస్తే వచ్చేది ఈ (E) మేజర్, అందులో జీ షార్ప్ ఉంటుంది, అవతల గిటార్‌లో జీ మోగుతోంది. డీ హార్ప్ తీసుకుని థర్డ్ పొజిషన్‌లో (హార్ప్ కీకి రెండో స్వరం ఆధారంగా) వాయించు. 4, 5, 6 పీలిస్తే చక్కగా ఈ (E) మైనరే వస్తుంది.

గ్రూవ్‌పిచ్చి: హార్ప్ మార్చినా చాలదు బాబూ, ముందు సగం నోట్లు తీసెయ్. వార్ బ్యాండ్ 1975లో చేసిన 'లో రైడర్' విను, లీ ఆస్కర్ హార్మోనికా శాక్సోఫోన్‌తో కలిసి అదే చిన్న ట్యూన్ పట్టుకుని వెళ్తుంది, ఎక్కడా విరగదీసి చూపించాలన్న ఆత్రం ఉండదు. ఫంక్‌లో నువ్వు హార్న్ సెక్షన్‌వి అనుకో: నాలుకతో కట్ చేసి పొట్టిగా కొట్టి, ఆగి, డ్రమ్స్‌కి చోటివ్వాలి. బ్లూస్‌వాళ్లకి ఆ ఆగడమే చేతకాదు (నాతో సహా).

ట్యూబ్‌ఆంప్: కీచు సంగతి నేను చెప్తా. గెయిన్, ట్రెబుల్ తగ్గించు, ఆంప్‌కి ఎదురుగా నిలబడకు. ఆంప్ ముందు ఇంకో మైక్ పెట్టి పీఏ (హాల్ స్పీకర్ల సిస్టమ్) లోకి పంపితే సౌండ్ అక్కడ పెంచుకోవచ్చు, గిటారిస్ట్‌తో పోటీ ఉండదు. రాక్ మోత కావాలంటే బుల్లెట్ మైక్‌ని (హార్ప్‌వాళ్లు వాడే గుండ్రటి మైక్) చేతుల్లో గాలి పోకుండా బిగించి పట్టుకో, సగం డిస్టార్షన్ అక్కడే పుడుతుంది. ఆక్టేవ్ పెడల్ (అదే నోట్‌ని ఇంకో స్థాయిలో కలిపేది) సింగిల్ నోట్స్‌కి బాగుంటుంది, కార్డ్ మీద మాత్రం చాలా పెడల్స్ గందరగోళం చేస్తాయి.

గ్రూవ్‌పిచ్చి: పెడల్ ఇప్పుడే ఎందుకు? 1978లో రోలింగ్ స్టోన్స్ 'మిస్ యూ'లో షుగర్ బ్లూ వాయించింది విను, డిస్కో బీట్ మీద రాక్ బ్యాండ్ వాయిస్తుంటే హార్మోనికానే పాటకి గుర్తుగా నిలిచింది.

బెండ్‌రాజా: డీ హార్ప్ ఉంది, ఇప్పుడే పట్టి చూశా, 4 నుంచి పైకి హాయిగా ఉంది. కింద రంధ్రాల్లో జీ ఎక్కడ?

రీడ్‌పురుగు: 2 పీల్చి, పూర్తి టోన్ బెండ్ చెయ్ (నోరు, గాలి మార్చి నోట్‌ని అంత కిందికి దించు). సగంలో ఆగితే మళ్లీ ఆ జీ షార్పే పలుకుతుంది. అది నిలకడగా వచ్చేదాకా రిఫ్స్ అన్నీ 4 పైనే ఉంచు.