ఫ్లైట్ రద్దుకి ‘ఆపరేషనల్ రీజన్స్’ అంటే పరిహారం ఇవ్వరా?

విశాఖవాసి:
అమ్మానాన్నల వైజాగ్–హైదరాబాద్ ఫ్లైట్ రద్దయిందని బయల్దేరాల్సిన టైముకి నాలుగు గంటల ముందు మెసేజ్ వచ్చింది. కారణం ‘ఆపరేషనల్ రీజన్స్’ అని మాత్రమే రాశారు. రేపటి ఫ్లైట్ ఇస్తాం, లేదంటే డబ్బు క్రెడిట్ షెల్‌లో (మళ్లీ వాళ్ల దగ్గరే టికెట్ కొనడానికి వాడుకునే బ్యాలెన్స్) వేస్తాం అంటున్నారు. ఇంకా దేనికీ ఒప్పుకోలేదు. టికెట్ మనిషికి ₹4,900, అందులో బేస్ ఫేర్ 3,600, ఫ్యూయల్ ఛార్జ్ 400. ఎంత అడగొచ్చు?

రన్‌వేపక్క:
ఒప్పుకోకపోవడమే మంచిదైంది. విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ నిబంధన (సీఏఆర్ సెక్షన్ 3, సిరీస్ ఎం, పార్ట్ 4) ప్రకారం ఇంత ఆలస్యంగా చెబితే మీకు సమ్మతమైన వేరే ఫ్లైట్ ఇవ్వాలి, లేకపోతే పూర్తి రీఫండ్‌తో పాటు పరిహారం ఇవ్వాలి. రెండింట్లో ఒకటే. మెసేజ్‌లోని లింకు నొక్కి రేపటి ఫ్లైట్‌కి సరే అన్నారంటే పరిహారం మాట ఇక ఎత్తనివ్వరు. చాలామంది పోగొట్టుకునేది ఇక్కడే.

పరిహారం ప్రయాణ సమయాన్ని బట్టి ఉంటుంది: గంట వరకు 5,000, రెండు గంటల వరకు 7,500, ఆపైన 10,000. కానీ ఆ అంకె ఒకటి, వన్-వే టికెట్ బేస్ ఫేర్ ప్లస్ ఫ్యూయల్ ఛార్జ్ కలిపిన మొత్తం ఒకటి, ఈ రెండింట్లో ఏది తక్కువైతే అదే ఇస్తారు. మీది 7,500 స్లాబే అయినా చేతికొచ్చేది మనిషికి 4,000. 4,900 రీఫండ్ దీనికి అదనం. క్రెడిట్ షెల్ ప్రయాణికుడు కోరుకుంటేనే, వాళ్లంతట వాళ్లు వేయకూడదు.

గన్నవరం_టి1:
బుకింగ్‌లో ఎవరి ఫోన్ నంబరు ఉందో ముందు చూసుకోండి. ఏజెంటు తన నంబరు ఇచ్చేసి ఉంటే, సరైన కాంటాక్ట్ వివరాలు లేవని పరిహారం ఎగ్గొడతారు. రీఫండ్ బాధ్యత మాత్రం ఏజెంటు ద్వారా కొన్నా ఎయిర్‌లైన్‌దే.

వాతావరణం, ఏటీసీ (విమానాల రాకపోకల నియంత్రణ), భద్రతా కారణాలు, సమ్మె లాంటివైతే పరిహారం రాదు. ‘ఆపరేషనల్’ అనే మాట ఆ జాబితాలో లేదు. అసలు కారణం ఏమిటో రాతపూర్వకంగా చెప్పమని మెయిల్ పెట్టండి. తర్వాత ‘వాతావరణం’ అని మాట మార్చొచ్చు కాబట్టి, అదే సమయంలో అక్కడి నుంచి ఎగిరిన వేరే ఫ్లైట్ల వివరాలు ఇప్పుడే స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. అదొక్కటే రుజువు కాదు గానీ, బలం.

కస్టమర్ కేర్ కాల్‌తో ఆగొద్దు. ఎయిర్‌లైన్ వెబ్‌సైట్‌లో ఉన్న నోడల్ ఆఫీసర్‌కి (ఫిర్యాదులు చూసే అధికారి) పీఎన్ఆర్, రద్దు మెసేజ్, అడిగే మొత్తం రాసి పంపండి. కదలకపోతే ఎయిర్‌లైన్‌లోనే పైస్థాయి అప్పిలేట్ అథారిటీ, ఆ తర్వాత ప్రభుత్వ ఫిర్యాదుల పోర్టల్ ఎయిర్‌సేవా. అదీ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరు ఉండే జిల్లాలోనే వేయొచ్చు, చెల్లించిన మొత్తం 5 లక్షల లోపైతే ఫీజు లేదు, గడువు రెండేళ్లు.

విశాఖవాసి:
చాలా థాంక్స్ అండి. ఒక్క సందేహం. ఆ రాత్రే హైదరాబాద్–ఫ్రాంక్‌ఫర్ట్ ఫ్లైట్ కూడా ఉంది, వేరే పీఎన్ఆర్. అది తప్పిపోతే?

రన్‌వేపక్క:
కనెక్షన్ ఒకే టికెట్‌పై ఉంటేనే డీజీసీఏ నిబంధన పట్టించుకుంటుంది. వేరే పీఎన్ఆర్ అయితే ఆ నష్టం కమిషన్ ముందు విడిగా వాదించుకోవాల్సిందే. అందుకే మీ విషయంలో పరిహారం కంటే ఈ సాయంత్రం హైదరాబాద్ చేరడమే ముఖ్యం. వేరే కంపెనీ ఫ్లైట్‌లో సీటు ఉంటే వెంటనే కొనేయండి, రద్దు చేసిన ఎయిర్‌లైన్‌ని రీఫండ్, పరిహారం రెండూ అడగండి. అదీ దొరక్కపోతే, ఫ్రాంక్‌ఫర్ట్ ఫ్లైట్ బయల్దేరక ముందే ఆ ఎయిర్‌లైన్‌కి ఫోన్ చేసి తేదీ మార్పించండి. నో-షో (చెప్పకుండా రాలేదని) పడితే ఆ టికెట్‌లో రిటర్న్ కూడా రద్దయ్యే ప్రమాదం ఉంది.