ఆపదలో పడిన రాకుమారి తానే తిరగబడే చిత్రాలు ఏవి?

ప్రశ్న (అనంతపురం): ‘పాతాళభైరవి’ (1951)లో మాంత్రికుడు రాకుమారిని ఎత్తుకుపోయిన ఘట్టం చూస్తూ, మా ఎనిమిదేళ్ల అమ్మాయి "ఆమె ఊరకే ఏడుస్తూ కూర్చోవాలా?" అని అడిగింది. దర్శకులు కె.వి.రెడ్డి గారు మా తాడిపత్రి వారని గొప్పగా చెప్పబోయిన నేను నోరు మెదపలేకపోయాను. వేరే తరహా చిత్రాలేవైనా సూచించగలరా?

జవాబు (బనగానపల్లె): మా ఊరి నవాబు బంగళాలో కొంత భాగం చిత్రీకరించిన ‘అరుంధతి’ (2009) ముందుగా గుర్తుకొస్తుంది. జేజమ్మ తన అస్థికలే ఆయుధం కావాలని ప్రాణం విడిచి, మరుజన్మలో ఆ ఆయుధంతోనే పశుపతిని అంతం చేస్తుంది; ఆమెను రక్షించే వీరుడంటూ ప్రత్యేకంగా ఎవరూ రారు. అయితే ఎనిమిదేళ్ల పిల్లకు మాత్రం చూపకండి, రాత్రి నిద్రపోదు.

జవాబు (కడప): ‘బాహుబలి’ (2015)లో దేవసేనను విడిపించే బాధ్యత మొదట అవంతికది; కత్తి పట్టిన ఆ యోధురాలి చేతినుంచి కథ ఆ పనిని లాక్కుని నాయకుడికి అప్పగించడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు. అందుకే నా ఓటు ‘మాయాబజార్’ (1957)కే. ఇష్టం లేని పెళ్లి ముంచుకొచ్చినప్పుడు శశిరేఖ స్థానంలో ఘటోత్కచుడే పెళ్లికూతురై కూర్చుని, వరుడైన లక్ష్మణకుమారుణ్ణే ఆపదలో పడేస్తాడు. శశిరేఖ స్వయంగా పోరాడదన్న మాట నిజమే, కానీ భయపడవలసింది ఎవరన్నది తలకిందులవుతుంది. దీనికీ దర్శకులు మీ తాడిపత్రి వారే!

ప్రశ్న అడిగినవారు: ధన్యవాదాలండీ. ఆదివారం ‘మాయాబజార్’ చూపిస్తాను.